ఎదురుగానే ఉన్నా కంటికి ఆనని గుడ్లగూబ

ఎండిపోయిన చెట్టుకు మనిషి ఎత్తు కంటే కాస్త పైన ఒక తొర్ర ఉంది. తొర్ర మూతిలో ఓ చిన్న స్కాప్స్ గుడ్లగూబ కూర్చుని పొద్దుటి ఎండ కాచుకుంటోంది. పది అడుగుల దూరంలో నిలబడి ఆ చెట్టునే చూస్తున్నవాళ్లకు గుడ్లగూబ కనిపించదు. అంతకన్నా వింత ఏమిటంటే, తొర్ర కూడా కనిపించదు. తొర్ర అంటే కంటికి తెలిసేది నల్లటి ఖాళీ. ఆ ఖాళీని పక్షి తన ఒంటితో పూడ్చేసింది. ఛాతీ మీది నల్లటి నిలువు గీతలు బెరడు పగుళ్లలో కలిసిపోయాయి. తల మీది రెండు ఈకల కుచ్చులు విరిగిన చెక్కపేళ్లలా లేచి ఉన్నాయి. కళ్లు మూతపడి ఉన్నాయి. చూసేవాళ్ల లెక్కలో అది అసలు తొర్రే లేని చెట్టు.

పక్షులను చూడడానికి అడవికి వెళ్లే అలవాటున్న వాళ్లందరికీ ఈ అనుభవం ఎదురయ్యే ఉంటుంది. పక్కనున్న మనిషి వేలు చూపించి, "ఆ రెండో పంగ చూడండి, దానికి బెత్తెడు పైన, కాస్త ఎడమకి" అంటాడు. చూస్తారు. బెరడు. బైనాక్యులర్స్ పెట్టి చూస్తారు. అదే బెరడు, ఇంకాస్త పెద్దగా. ఎదుటివాడికి విసుగొస్తుందేమోనని టెన్షన్ కూడా మొదలవుతుంది. ఇంతలో ఉన్నట్టుండి ఆ బెరడులో ఒకచోట చిన్న ముక్కు తేలుతుంది. ముక్కుకు అటూ ఇటూ మూసిన కనురెప్పలు, కింద కొమ్మను పట్టుకున్న వేళ్లు. అంతే, పక్షి మొత్తం అక్కడ ఉంటుంది. ఆ తర్వాత పక్కకి తిరిగి మళ్లీ చూసినా, కళ్లు నులుముకుని చూసినా అది పోదు. ఆ కొద్ది క్షణాల్లో పక్షి కదల్లేదు, వెలుతురు మారలేదు, కంట్లో పడిన బొమ్మ మొదటినుంచీ అదే. ఆ బొమ్మను మెదడు చదివిన తీరు ఒక్కటే మారింది.

అందుకే గుడ్లగూబ 'దాక్కుంది' అంటే ఆ మాట పూర్తిగా అతకదు. దాక్కున్నదానికి అడ్డంగా ఆకో, కొమ్మో, బండో ఏదో ఒకటి ఉంటుంది. చాలాసార్లు ఇక్కడ అడ్డమేమీ ఉండదు. ఏ గుర్తులను చూసి ఇది గుడ్లగూబ అని పోల్చుకుంటామో, సరిగ్గా ఆ గుర్తులనే అది తీసేస్తుంది. దాన్ని కనిపెట్టడం ఇంత కష్టం కావడానికి సగం కారణం దాని ఈకల్లో ఉంటే, మిగతా సగం చూసే కంటిలో ఉంది. ఈ రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

ముందు ఒక అపోహ తీసేయాలి. గుడ్లగూబ వేటాడే పక్షి కాబట్టి ఎరకు కనిపించకుండా ఉండడానికే ఈ వేషం అనుకుంటారు. కానీ చాలా జాతులు వేటాడేది చీకట్లో. ఎర మీద పడడానికి వాటికి చీకటి, చప్పుడు చేయని రెక్కలు చాలు. రెక్క ముందు అంచున దువ్వెన పళ్ల లాంటి అమరిక, వెనక అంచున మెత్తటి కుచ్చు, పైన మఖమల్ లాంటి నూగు ఉంటాయి. మూడూ కలిసి గాలి చప్పుడును అణిచేస్తాయి. (ఇది మనకూ నష్టమే. మిగతా పక్షులు ఎగిరేటప్పుడు రెక్కల చప్పుడుకైనా తల తిప్పుతాం, గుడ్లగూబ వెనక నుంచి ఎగిరిపోతే అదీ ఉండదు.) వేషం అవసరం పడేది పగలు, నిద్రపోవాల్సిన వేళ. కాకులు, ఏట్రింతలు, బుల్‌బుల్ పిట్టలు, ఇంకా పిడికెడంత చిన్నపిట్టలు కూడా గుడ్లగూబ కనిపిస్తే ఊరుకోవు. ఒక్క పిట్ట చూసి అరిచిందంటే కాసేపట్లో చుట్టుపక్కల పిట్టలన్నీ వచ్చి మూగుతాయి, గోల చేస్తాయి, కొన్ని తల మీదికి దూకి పొడుస్తాయి. ఆ గోల విని డేగ లాంటివి రావచ్చు. పెద్ద గుడ్లగూబల వల్ల కూడా ప్రమాదమే. యూరప్, ఆసియాల్లో ఉండే యూరేసియన్ ఈగిల్ ఔల్ తనకంటే చిన్న గుడ్లగూబలను పట్టి తింటుంది.

పగలు ఎవరి కంటా పడకుండా పొద్దుగూకేదాకా గడిపేయడం, ఇదే దాని ఆరాటం. మనుషులకు ఎదురయ్యే ఇంకో వింతకు కూడా కారణం ఇదే. మిగతా పక్షులు అలికిడికే లేచిపోతాయి. గుడ్లగూబ మాత్రం మనిషి చెట్టు కిందికి వచ్చినా లేవదు. ఎగిరితే అప్పటిదాకా చూడని పిట్టలన్నిటికీ కనిపిస్తుంది, కూర్చుంటే ఈ మనిషి చూడకుండా దాటిపోవచ్చు. చాలావరకు దాని లెక్కే నిజమవుతుంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి మనుషులు మాట్లాడుకుంటూ వెళ్లిపోతారు.

ఇక వేషం సంగతి. స్కాప్స్ గుడ్లగూబ ఛాతీ మీది ఈక ఒక్కదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే, మధ్య ఈనె వెంట ముదురు గీత ఒకటి ఉంటుంది. ఆ గీతకు రెండు వైపులా సన్నటి అడ్డగీతలు, తిన్నగా లేకుండా వంకరటింకరగా పోతాయి. వాటి మధ్యలో బూడిదరంగు, లేత గోధుమరంగు, తెలుపు కలిపి పొడి చల్లినట్టు నలకలు. ఆ ఒక్క ఈకే చిన్న బెరడు పెచ్చులా ఉంటుంది. అలాంటివి వరసలు వరసలుగా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటే ఈనెల మీది గీతలు ఒకదాని కింద ఒకటి చేరి తెగుతూ అతుకుతూ సాగే నిలువు చారలవుతాయి. చెట్టు బెరడు పగిలేది కూడా అచ్చం అలాగే. ఇంత పనితనానికి పెట్టుబడి మాత్రం ముఖ్యంగా రెండే రంగు పదార్థాలు. నలుపు, బూడిద ఛాయలిచ్చే యూమెలనిన్, ఎరుపు, గోధుమ ఛాయలిచ్చే ఫియోమెలనిన్. వీటి పాళ్లు ఈకలో ఎక్కడికక్కడ మారుతూ పోవడం వల్లే ఆ నగిషీ అంతా వస్తుంది.

రంగు కలవడం ఒక్కటే అయితే కన్ను ఇంతగా మోసపోదు. రంగు ఎంత కలిసినా ఆకారానికి అంచు అనేది ఉంటుంది, కన్ను ఆ అంచును పట్టుకుంటుంది. అందుకని అసలు పని అంచు దగ్గర జరగాలి. ఈ మాటను మొదట గట్టిగా చెప్పినవాళ్లలో ఒకడు శాస్త్రవేత్త కూడా కాదు, చిత్రకారుడు. అమెరికాకు చెందిన అబట్ థేయర్ జంతువుల రంగుల మీద 1909లో వచ్చిన పుస్తకంలో, ఒంటి మీది గట్టి మచ్చలు ఆకారాన్ని ముక్కలు చేస్తాయని వాదించాడు. ఆయన వాదనల్లో కొన్ని మితిమీరినవి. రాజహంసల (ఫ్లెమింగోల) గులాబీ రంగు కూడా సంధ్యాకాశంలో కలిసిపోవడానికే అన్నాడు, దానికి బాగా విమర్శలు పడ్డాయి. కానీ అంచును విరగ్గొట్టడం గురించి చెప్పిన మాట నిలబడింది. 1940లో బ్రిటన్ జంతుశాస్త్రవేత్త హ్యూ కాట్ దాన్ని ఇంకా వివరంగా రాశాడు. ప్రయోగంతో తేల్చింది మాత్రం చాలా కాలానికి, 2005లో. ఇన్నెస్ కట్‌హిల్ బృందం ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర అడవిలో కాగితంతో త్రికోణాకారంలో చిమ్మటల బొమ్మలు చేసి, ఒక్కోదానికి ఒక పురుగును తగిలించి ఓక్ చెట్ల మొదళ్లకు అతికించింది. అన్నిటికీ బెరడు రంగులే వేశారు. తేడా అల్లా మచ్చలు ఎక్కడున్నాయన్నదే. మచ్చలు బొమ్మ అంచును తాకి తెగిపోయేలా ఉన్నవి పిట్టల నోట తక్కువ పడ్డాయి. అవే మచ్చలు అంచుకు లోపల ఉన్నవి ఎక్కువ పడ్డాయి. రంగులు అవే, చోటు మారితే ప్రాణం దక్కడంలో తేడా వచ్చింది.

గుడ్లగూబ విషయంలో అంచును చెరిపేసే పని ఈకల నగిషీతో ఆగదు. ఒళ్లు కూడా సాయం పడుతుంది. నిబ్బరంగా కూర్చున్నప్పుడు అది గుండ్రటి దూదిబంతిలా ఉంటుంది. ఏదైనా దగ్గరికి వస్తే ఈకలన్నీ ఒంటికి అదుముకుని, నిలువుగా సాగి, సన్నటి కట్టెలా అయిపోతుంది. పొడవు చెవుల గుడ్లగూబ, స్కాప్స్ గుడ్లగూబ, అమెరికాలోని స్క్రీచ్ ఔల్ ఈ విద్యలో ఆరితేరినవి. ఒక రెక్కను ముందుకు తెచ్చి లేతరంగు ఛాతీని కప్పుకోవడం కూడా ఉంది. తల మీది కుచ్చులు నిక్కబొడుచుకుంటాయి. వాటిని చాలామంది చెవులనుకుంటారు. అసలు చెవులు తలకు రెండు పక్కలా ఈకల కింద ఉంటాయి, ఈ కుచ్చులకు వినికిడితో సంబంధం లేదు. గుండ్రటి తల అనే అన్నిటికన్నా పెద్ద ఆనవాలును విరగ్గొట్టి, కొమ్మ విరిగిన చోటులా చూపించడం వీటి పని అన్నది శాస్త్రవేత్తల్లో చాలామంది మొగ్గే వివరణ. ఆఖరికి కళ్లు. పసుపు, నారింజ రంగుల్లో మెరిసే ఆ పెద్ద కళ్లు తెరిచి ఉంటే ఇంత ఏర్పాటూ వృథా. అందుకని రెప్పలు దించి సన్నటి చీలికంత సందు మాత్రం ఉంచుకుంటుంది. ఆ సందులోంచి చూస్తూనే ఉంటుంది. కంటిగుడ్డు గొట్టం ఆకారంలో ఎముకలో బిగిసి ఉంటుంది కాబట్టి కళ్లను మనలా అటూ ఇటూ తిప్పలేదు, తలే తిప్పాలి. మెడలో 14 వెన్నుపూసలు ఉండడంతో 270 డిగ్రీల దాకా తిప్పగలదు. ఆ తిప్పడం కూడా గడియారం ముల్లు జరిగినంత నెమ్మదిగా ఉంటుంది. కదలికను పట్టేయడంలో దిట్ట అయిన మన కన్నుకు ఆ ఆధారం కూడా దొరకదు.

ఒకే జాతిలో రెండు మూడు రంగుల పక్షులు ఉండడం ఇంకో చిక్కు. తూర్పు అమెరికా స్క్రీచ్ ఔల్ బూడిదరంగులోనూ ఉంటుంది, ఇటుకరంగులోనూ ఉంటుంది. ఒకే గూటి పిల్లల్లో రెండు రంగులూ కనిపించవచ్చు. ఫిన్లండ్‌లోని టానీ ఔల్స్‌లోనూ బూడిద, గోధుమ రంగులవి ఉన్నాయి. మంచు ఎక్కువ పడే చలికాలాల్లో గోధుమరంగువి ఎక్కువగా చనిపోయేవని, చలికాలాలు మెత్తబడే కొద్దీ వాటి పాలు పెరిగిందని పాట్రిక్ కారెల్ బృందం 2011లో చూపించింది. ఆ తర్వాత 2020లో వచ్చిన పరిశోధనలో ఈ గుడ్లగూబల ఫొటోలను మామూలు జనానికి చూపించి వెతకమన్నారు. మంచు ఉన్న దృశ్యాల్లో బూడిదరంగు పక్షిని పట్టుకోవడం వాళ్లకు ఎక్కువ కష్టమైంది. వేషం విలువ పక్షి ఒక్కదాని దగ్గరే లేదని, వెనక ఉన్న చెట్టు, మంచు, వెలుతురు అన్నిటితో కలిపి చూడాలని దీన్నిబట్టి తెలుస్తుంది. గుడ్లగూబలా పగలు కదలకుండా గడిపే నైట్‌జార్ పిట్టల మీద జాంబియాలో చేసిన పని ఇంకో అడుగు ముందుకెళ్లింది. ఒక్కో పిట్ట తన సొంత ఈకల నగిషీకి సరిపడే నేలను ఎంచుకుని కూర్చుంటుందని 2017లో తేలింది. జాతి మొత్తానికి నప్పే నేల అని కాదు, తన ఒంటికి నప్పే నేల. తన రంగు తనకు ఎలా తెలుసన్నది ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇప్పుడు చూసే కంటి దగ్గరికి వద్దాం. కళ్లు తెరిచి ఉన్నంత మేరా అంతా స్పష్టంగా కనిపిస్తోందని అనుకుంటాం. నిజానికి స్పష్టంగా కనిపించేది చెయ్యి చాపి పట్టుకున్నప్పుడు బొటనవేలి గోరు కప్పేంత మేర మాత్రమే. మిగతాదంతా మసక. కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు చోటు మారుస్తూ, ఎక్కడ వాలితే అక్కడ కాస్త స్పష్టత తెచ్చుకుంటుంది. ఎక్కడ వాలాలన్నది మసకలో ఏదో ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే తేలుతుంది. అంచులు విరిగి, కళ్లు మూసుకుని, కదలని పక్షి మసకలో కొట్టొచ్చినట్టు కనిపించదు. అంటే కన్ను దాని మీద వాలనే వాలదు. చూపు చెట్టంతా తిరిగిందని మనం అనుకుంటాం, తిరిగింది అందులో కొంతే.

వాలినా చాలదు. 1934లో జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ ఉక్స్‌క్యూల్ తన అనుభవం ఒకటి రాశాడు. ఒక స్నేహితుడి ఇంట్లో ఉన్నప్పుడు రోజూ భోజనాల బల్ల మీద ఆయన ఎదుట మట్టికూజాలో నీళ్లు పెట్టేవారు. ఒకరోజు ఆ కూజా పగిలిపోతే పనిమనిషి గాజు కూజా పెట్టాడు. ఆయన నీళ్ల కోసం వెతికాడు. ఎదురుగా ఉన్న గాజు కూజా కనిపించలేదు. నీళ్లు ఉన్నచోటే ఉన్నాయని చెప్పాకే అది కళ్ల ముందు రూపం కట్టింది. వెతికేటప్పుడు మనసులో ఒక బొమ్మ పెట్టుకుంటామని, ఆ బొమ్మకు కలవనిది ఎదురుగా ఉన్నా లెక్కలోకి రాదని ఆయన దీంతో చెప్పాడు. వెతుకులాట బొమ్మ అనవచ్చు దీన్ని. పిట్టలు పురుగులను వెతకడంలోనూ ఇదే జరుగుతుందని డచ్ శాస్త్రవేత్త లూక్ టిన్‌బెర్గెన్ వాదించాడు. పైన్ అడవుల్లో ఆయన చేసిన పని 1960లో అచ్చయింది. ఒక రకం పురుగు అరుదుగా ఉన్నంతకాలం పిట్టలు దాన్ని దాదాపు పట్టించుకోవు. నాలుగు దొరికి ఆ బొమ్మ మనసులో పడ్డాక వరసగా పట్టేస్తాయి.

గుడ్లగూబను వెతికేవాళ్ల మనసులో ఉండే బొమ్మ ఏది? చిన్నప్పటి నుంచీ పుస్తకాల్లో, బొమ్మల్లో చూసిందే. గుండ్రటి ముఖం, అందులో రెండు పెద్ద కళ్లు, ఎదురుగా మనవైపే చూపు. పగటిపూట కొమ్మ మీదున్న పక్షిలో వీటిలో ఒక్కటీ ఉండదు. ముఖం పక్కకో కిందకో ఉంటుంది, కళ్లు మూసి ఉంటాయి, తల గుండ్రంగా ఉండదు. మనం వెతికేది మట్టికూజా, అక్కడున్నది గాజు కూజా. బొమ్మ తప్పయినప్పుడు ఓపిక ఎంత ఉన్నా ఉపయోగం తక్కువ. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మొదటి గుడ్లగూబ దొరకడానికి నెలలు పట్టి, ఆ తర్వాత రెండోది, మూడోది త్వరత్వరగా దొరకడం వెనక ఉన్నది ఇదే. సెర్బియాలోని కికిండా పట్టణంలో చలికాలంలో నడిబజారు చెట్ల మీద వందలాది పొడవు చెవుల గుడ్లగూబలు చేరతాయి. మొదటిదాన్ని పట్టుకోవడమే ఆలస్యం, అదే చెట్టు మీద పది, పదిహేను ఒక్కొక్కటే బయటపడతాయి. మొదటి పక్షి మిగతావాటికి బొమ్మ ఇచ్చేస్తుంది.

అడవిలో అలా గుంపులుగా దొరకవు కదా. అక్కడ వందల చెట్లు చూస్తే ఒకదాని మీద ఒకటి ఉండవచ్చు. ఈ అరుదుతనమే కంటిని మొద్దుబారుస్తుందని జెరెమీ వోల్ఫ్ బృందం 2005లో చేసిన ప్రయోగం చెబుతోంది. చిందరవందర బొమ్మల్లో ఫలానా వస్తువును వెతకమన్నారు. సగం బొమ్మల్లో ఆ వస్తువు ఉన్నప్పుడు జనం చూడకుండా వదిలేసింది 7 శాతం. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు వదిలేసింది 30 శాతం. వస్తువు అదే, కష్టం అంతే. మాటిమాటికీ 'లేదు' అని తేలుతుంటే మెదడు తొందరగా 'లేదు' అనేయడం నేర్చుకుంటుంది. విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసేవాళ్లకు, ఎక్స్‌రేల్లో గడ్డలు వెతికే డాక్టర్లకు ఉన్న సమస్యే ఇది. చెట్ల కింద నడిచేవాళ్లకు దీనికి తోడు మోడులు, ఎండుటాకుల ముద్దలు, చెట్టు కణుపులు పదేపదే గుడ్లగూబలా కనిపించి మోసం చేస్తుంటాయి. పదకొండోసారి కనిపించిన మోడును ఎవరూ బైనాక్యులర్స్‌లో చూడరు. అదే గుడ్లగూబ కావచ్చు.

అనుభవమున్న వాళ్లు చాలాసార్లు పక్షిని వెతకనే వెతకరు. చెట్టు కింద నేలను చూస్తారు. కొమ్మల మీద, మొదలు మీద సున్నం కారినట్టు తెల్లటి రెట్ట చారలు ఉన్నాయేమో చూస్తారు. వాటి కింద బూడిదరంగు ఉండలు దొరికితే ఇంకా మంచిది. గుడ్లగూబ చిన్న ఎరను ముక్కలు చేయకుండా మింగేస్తుంది, అరగని వెంట్రుకలు, ఎముకలు ఉండగా చుట్టి నోటి నుంచి కక్కేస్తుంది. ఆ ఉండను విప్పితే ఎలుక పుర్రె చెక్కుచెదరకుండా దొరకవచ్చు. తాజా ఉండ తడిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అలాంటిది కనిపించిందంటే పక్షి సరిగ్గా పైన ఉన్నట్టే, ఇప్పుడు తల ఎత్తాలి. ఇంకో దారి పిట్టల గోల. మూడు నాలుగు రకాల పిట్టలు ఒకేచోట చేరి, ఎగిరిపోకుండా, ఒక గుబురులోకి తొంగిచూస్తూ అదేపనిగా అరుస్తుంటే అక్కడ పాము గానీ పిల్లి గానీ గుడ్లగూబ గానీ ఉంటుంది. వెతకడంలో మనిషి కన్నా వాటి కళ్లు వెయ్యి రెట్లు నయం. అన్నిటికన్నా నమ్మకమైంది జ్ఞాపకం. చాలా గుడ్లగూబలు నచ్చిన కొమ్మకే రోజుల తరబడి, కొన్ని ఏళ్ల తరబడి తిరిగి వస్తాయి. ఎంతో చురుకైన కళ్లున్నాయని పేరుపడ్డ గైడ్ నిజానికి ఏ చెట్టు చూడాలో తెలిసిన గైడ్ అయి ఉంటాడు. అది చిన్న విషయమేమీ కాదు, ఆ చెట్టు తెలియడానికి ఆయనకు ఎన్ని ఉదయాలు పట్టాయో.

చెవి ఇంకా దూరం తీసుకెళుతుంది. 1995లో శ్రీలంక వానఅడవిలో దీపాల్ వరకగొడ అనే పక్షిశాస్త్రవేత్త తనకు తెలిసిన ఏ పక్షికీ చెందని ఒక కూత విన్నాడు. పొట్టిగా, మెత్తగా ఉండే కూత. కూసిన పక్షిని చూడడానికి 2001 జనవరి దాకా పట్టింది. ఆరేళ్ల తర్వాత సింహరాజ అడవిలో, తక్కువ ఎత్తులోని గుబురుల్లో కనిపించింది ఎర్రటి గోధుమరంగు చిన్న గుడ్లగూబ. 2004లో దానికి సెరెండిబ్ స్కాప్స్ ఔల్ అని కొత్త జాతిగా పేరు పెట్టారు. శ్రీలంకలో కొత్త పక్షిజాతి బయటపడి అప్పటికి వందేళ్లు దాటింది. ఇండొనేసియాలోని లోంబోక్ దీవి మీదున్న రింజాని స్కాప్స్ ఔల్‌ది కూడా ఇలాంటి కథే. 2003లో కూత తేడాగా ఉందని గమనించడంతో మొదలై, 2013లో కొత్త జాతి అయింది. ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపె దీవి స్కాప్స్ ఔల్‌కు 2022లో పేరు పెట్టారు. ఆ పేరులోని బికెజిల అన్న మాట దాన్ని వెతకడానికి ఏళ్లపాటు సాయం చేసిన స్థానిక పార్క్ రేంజర్ మారుపేరు. ఈ శతాబ్దంలో కూడా కొత్త గుడ్లగూబలు బయటపడుతున్నాయంటే అవి ఎక్కడో మారుమూల ఉండిపోయాయని కాదు. మనుషులు నడిచే అడవుల్లోనే ఉన్నాయి, పగలు బెరడులా, రాత్రి ఒక కూతలా.

కొన్నిసార్లు వెతుకులాట బొమ్మను పాడుచేసేది పక్షి కూడా కాదు, మనిషి. మధ్యభారతంలోని అడవి పైడికంటి, అంటే ఫారెస్ట్ ఔలెట్, ఇందుకు ఉదాహరణ. 1873లో అలన్ హ్యూమ్ అనే పక్షిశాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. 1884 తర్వాత నికరమైన నమూనా ఒక్కటీ లేదు. ప్రపంచం మొత్తంలో మ్యూజియంలలో ఉన్నవి ఏడే. అందులో ఒకటి 1914లో గుజరాత్‌లో దొరికిందని రిచర్డ్ మైనర్ట్స్‌హాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి చెప్పుకున్నాడు. అది మ్యూజియం నుంచి దొంగిలించి, కుట్లు విప్పి మళ్లీ కుట్టి, దొంగ చీటీ తగిలించిన పాత నమూనా అని పక్షిశాస్త్రవేత్తలు పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ కనిపెట్టారు. దాన్ని పక్కన పెట్టి, నిజమైన నమూనాలు దొరికిన చోట్లను పట్టుకుని రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబట్ బయల్దేరారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర, 113 ఏళ్ల తర్వాత, ఆ పక్షి కనిపించింది. పగటిపూట, ఆకులు లేని చెట్టు కొమ్మ మీద, బాహాటంగా కూర్చుని. ఫారెస్ట్ ఔలెట్ పగలే ఎక్కువగా తిరిగే పక్షి. దాన్ని ఇన్నాళ్లు కప్పేసిన వాటిలో ఈకల కన్నా ఆ దొంగచీటీ, ఎక్కడ చూసినా ఉండే మామూలు మచ్చల పైడికంటితో పోలిక పెద్దవి. రెండిటి మధ్య తేడా చూడాలంటే నెత్తి మీద తెల్లచుక్కలు స్పష్టంగా ఉన్నాయా లేవా అని చూడాలి. ఇదీ మామూలుదేలే అనుకున్న కన్ను నెత్తి దాకా వెళ్లదు.

ఇదంతా పక్షులు చూసేవాళ్ల సరదాకు మాత్రమే సంబంధించిన గొడవ అయితే ఇంత రాయాల్సిన పని లేదు. ఒక అడవిలో గుడ్లగూబలు ఎన్ని, తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా, ఏ చెట్లు కొడితే ఎన్నిటికి నిలువనీడ పోతుంది అన్నవి దీని మీదే ఆధారపడి ఉన్నాయి. 'కనిపించలేదు' అని రాసుకున్నదాన్ని ఆఫీసు కాగితాల్లో 'లేదు' అని చదివితే ఆ తప్పుకు మూల్యం పక్షి చెల్లిస్తుంది. ఉత్తర అమెరికాలోని సా-వెట్ ఔల్ అరచేతిలో పట్టేంత పక్షి, గుబురైన చెట్లలో పగలంతా కదలకుండా ఉంటుంది. చాలాకాలం అది అరుదైందని అనుకున్నారు. శరదృతువులో రాత్రిపూట దాని కూతను వినిపిస్తూ వలలు కట్టి, పట్టుకున్నవాటికి కాలికి రింగులు వేసి వదలడం మొదలుపెట్టాక లెక్క తారుమారైంది. 1990ల్లో మొదలైన ప్రాజెక్ట్ ఔల్‌నెట్ కింద ఇప్పుడు వందకు పైగా స్టేషన్లు ఈ పని చేస్తున్నాయి. పగలు ఒక్కటి కూడా కనిపించని అడవుల మీదుగా రాత్రుళ్లు అవి వేల సంఖ్యలో వలసపోతున్నాయి.

అందుకే ఈమధ్య గణనలో మొదట అడిగే ప్రశ్న మారింది. ఎన్ని కనిపించాయి అనే దానికంటే ముందు, ఉంటే కనిపించే అవకాశం ఎంత అని అడుగుతారు. ఒకేచోటికి పలుమార్లు వెళ్లి, ఎన్నిసార్లు దొరికింది, ఎన్నిసార్లు తప్పిపోయింది అన్నదాన్నిబట్టి ఆ అవకాశాన్ని లెక్కగడతారు. డారిల్ మెకెంజీ, ఆయన సహచరులు 2002లో ఈ లెక్కకు ఒక పద్ధతి ఇచ్చారు, ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. చెట్లకు రికార్డర్లు కట్టి వారాల తరబడి శబ్దాలు పట్టి, కంప్యూటర్‌తో కూతలు ఏరించడం ఇంకో దారి. కార్నెల్ విశ్వవిద్యాలయం, జర్మనీలోని కెమ్నిట్స్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన బర్డ్‌నెట్ లాంటివి ఇందుకు పనికొస్తున్నాయి. వేడిని పట్టే థర్మల్ కెమెరాలు కూడా వచ్చాయి. గుడ్లగూబ దుప్పటి లాంటి ఈకల్లో వేడిని దాచుకుంటుంది కాబట్టి కెమెరాలో ఒళ్లు మసకగానే ఉంటుంది, ముఖం మాత్రం వెలుగుతుంది.

ఇంత కష్టపడి దొరికాక ఏం చేయాలన్నది కూడా ఇందులో భాగమే. పక్షి గుండ్రంగా, ఈకలు వదులుగా ఉండి, కళ్లు పూర్తిగా మూసుకుని ఉంటే మనిషి రాక దాన్ని ఇంకా ఇబ్బంది పెట్టలేదు. సన్నబడి, కుచ్చులు లేపి, కంటిసందులోంచి చూస్తోందంటే అది ఎప్పుడో చూసేసింది, ఇప్పుడు భయంతో ఉంది. ఫొటోల్లో ఎంతో ముచ్చటగా ఉండే ఆ నిటారు భంగిమ అదే. అలా కనిపించినప్పుడు అక్కడే ఆగి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి. ఇంకో రెండడుగులు వేస్తే అది లేచిపోతుంది, ఆ వెంటనే కాకులు దాని వెంట పడతాయి, ఆ రోజు నిద్ర పోయినట్టే. చోటు గురించి ఎవరికి చెబుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ప్రపంచమంతా పక్షుల వివరాలు నమోదు చేసుకునే ఈబర్డ్ కొన్ని ప్రాంతాల్లో కొన్ని గుడ్లగూబలు కనిపించిన కచ్చితమైన చోటును బయటికి చూపించదు. నమోదు ఉంటుంది, శాస్త్రవేత్తలకు పనికొస్తుంది, చెట్టు ఏదో మాత్రం తెలియదు. ఒక్క కొమ్మ చుట్టూ రోజూ ఇరవై కెమెరాలు చేరితే ఆ పక్షి ఏళ్లనాటి కొమ్మను వదిలి వెళ్లిపోతుంది, దాన్ని మళ్లీ కనిపెట్టడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు.